గుర్రాలు దాటని వంతెన

“మూడు రోజుల్లో వంతెన లేవాలి. నా గుర్రాలు దాటాలి. చెప్పు!” అన్నాడు స్పానిష్ కెప్టెన్.

దుబాసీ పావ్‌కర్ మామగారు కొండోరి వైపు తిరిగాడు. గడ్డితాళ్లతో వంతెన అల్లడంలో ఆ లోయ మొత్తానికి కొండోరి తర్వాతే ఎవరైనా.

“మామా, మనుషుల్ని మోసేలా అల్లండి. గుర్రం ఎక్కితే తెగాలి,” అన్నాడు పావ్‌కర్, తమ భాషలో, ముఖంలో ఏ మార్పూ లేకుండా. “అవతల కుస్కో రాజు సైన్యం ఉంది. అందులో మా తమ్ముడున్నాడు. వీళ్లు దాటారంటే వాడు బతకడు.”

తాళ్లు పేనుతున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. వాళ్లలో అతని భార్య ఓక్లో కూడా ఉంది.

“అబ్బో! తెల్లోడి బూట్లేసుకున్న అల్లుడుగారికి ఇవాళ తనవాళ్లు గుర్తొచ్చారే!” అన్నాడు కొండోరి. అందరూ పకపకా నవ్వారు.

“ఏమంటున్నాడు?” కెప్టెన్ చెయ్యి కత్తి మీదికి పోయింది.

“మీ గుర్రాలు చిందులేసినా తెగదంటున్నాడు దొరా.”

కొండోరి నవ్వు ఆపాడు. సంచీలోంచి కోకా ఆకులు తీసి అల్లుడి చేతిలో పెట్టాడు. వాళ్లలో అది మాట ఇచ్చినట్టే. పావ్‌కర్ వాటిని నమిలాడు.

“వంతెన తెగిందంటే కెప్టెన్ నన్ను వదలడు,” అన్నాడు ఇంటికెళ్లాక.

“ఊరికే భయపడతావేంటి? మా నాన్న సంగతి నీకు తెలీదా?” అంది ఓక్లో, ఉడికిన దుంపలు వడ్డిస్తూ.

నాలుగో రోజు పొద్దున మొదటి గుర్రం వంతెనెక్కింది. వంతెన ఊగింది. గుర్రం బెదిరింది. దాటింది.

రెండోదీ దాటింది. ఐదోదీ దాటింది. పద్దెనిమిది గుర్రాలూ దాటేశాయి. ఒక్క పోగు తెగలేదు. అవతలి గట్టు మీద అరుపులు మొదలయ్యాయి.

“మామా! మాటిచ్చావు కదా!”

“నా కొడుకులిద్దరి తోలు ఒలిచి డప్పులు కట్టించారు మీ కుస్కో వాళ్లు,” అన్నాడు కొండోరి. “ఆ డప్పుల వెనకాల ఊరేగినవాడు నీ తమ్ముడు.”

కెప్టెన్ దగ్గరికొచ్చి స్పానిష్‌లో ఏదో ఆజ్ఞ ఇచ్చాడు. అతను పావ్‌కర్ వైపు చూడనైనా లేదు. ఊరివాళ్లు అర్థంకాక మొహమొహాలు చూసుకున్నారు. పావ్‌కర్‌కి అర్థమైంది. వెనక్కి అడుగేశాడు.

“నేను చెప్పిన కుట్ర సంగతి నమ్మాడు. ఇతని చేతులు కట్టి లోయలోకి తోసెయ్యమంటున్నాడు నాన్నా,” అని, పావ్‌కర్ రోజుకో మాట చొప్పున తనకు నేర్పిన స్పానిష్‌ని పొల్లుపోకుండా తమ భాషలోకి మార్చి చెప్పింది ఓక్లో.