నీలిమంచు గోడ

జయంతి ఆంటీ బోర్డు ఇంకో మంచుగడ్డకి టక్కున కొట్టుకుని ఆగిపోయింది.

“మళ్లీనా!” అంది పర్సిస్, తెడ్డు నీళ్లలోంచి పైకెత్తి.

“మెల్లగా అను. ఆవిడకి తెలుగొచ్చు,” నవ్వాడు భర్త షాలేం రాజు.

అలాస్కాలో, గ్లేసియర్ కరిగి ఏర్పడిన సరస్సు అది. ఇళ్లంతేసి మంచుగడ్డలు తేలుతున్నాయి. పొడవాటి బోర్డుల మీద నిలబడి, తెడ్డు వేసుకుంటూ, వాటి సందుల్లోంచి అవతలి కొసనున్న గ్లేసియర్ గోడ దాకా వెళ్లాలి.

ఈ ఒక్క రోజు కోసం తాముండే ఊరు క్యారీలో, ఇంటి దగ్గరి చెరువులో రెండు వేసవులు ప్రాక్టీస్ చేసింది పర్సిస్. పొద్దుటినుంచీ ఆమె గుండె డప్పు వాయిస్తూనే ఉంది.

గుంపులో నలుగురే. గైడ్ మ్యాడీ, వీళ్లిద్దరూ, ప్లేనో అనే ఊరి నుంచి ఒంటరిగా వచ్చిన జయంతి ఆంటీ.

అరవై దాటిన మనిషి. అందరూ నిలబడితే ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేస్తోంది. ప్రతి మంచుగడ్డ దగ్గరా తల అటూ ఇటూ తిప్పి చూసుకుంటే గానీ కదలడం లేదు.

పర్సిస్ ఇక ఉండబట్టలేకపోయింది. “ఆంటీ, మీరు క్రూజ్ బుక్ చేసుకోవాల్సింది. వెచ్చగా అద్దాల్లోంచి చూసేవాళ్లు.”

“దూరం నుంచి చూస్తే నాకు చాలదమ్మా,” అంది ఆంటీ.

కొండ మలుపు తిరిగారు.

ఎదురుగా, ఆకాశాన్ని సగం కప్పేసి, గ్లేసియర్ గోడ!

“షాలేం! అటు చూడు! అయ్యబాబోయ్, అటు చూడు!” పర్సిస్ కేకలు పెట్టింది.

అతను అటు తిరిగిన క్షణంలోనే కుడిపక్క మంచుగడ్డ ఒకటి పెద్ద చప్పుడుతో బోర్లా తిరగబడింది. అల లేచింది. షాలేం రాజు నీళ్లలో పడ్డాడు.

“ప్రభువా!”

పర్సిస్ తన బోర్డు తిప్పుకునేలోపే వెనకనున్న ఆంటీ అతని లైఫ్ జాకెట్ పట్టేసుకుంది.

“బాబూ, కంగారుగా పీల్చకు. ఊపిరి వదులు. మెల్లగా వదులు. కాళ్లు కొట్టు. ఆఁ, ఎక్కు!”

ఒక్క ఊపున అతన్ని తన బోర్డు మీదికి లాగేసింది.

నీళ్లు చొరబడకుండా వేసుకున్న సూట్ మెడ దగ్గర సరిగ్గా బిగించుకోలేదేమో, నీళ్లు లోపలికి దిగాయి. అతని పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

“ఇతన్ని వెంటనే ఒడ్డుకి చేర్చాలి,” అంది మ్యాడీ. “అందరం వెనక్కి తిరగాల్సిందే.”

గోడ ఇంకో పావుగంట దూరంలో ఉంది. పర్సిస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. భర్త వణుకుతుంటే తనకి ఏడుపు వచ్చింది గోడ కోసమా అని సిగ్గు కూడా వేసింది.

“నేను తీసుకెళ్తాను,” అంది ఆంటీ ఇంగ్లిషులో.

మ్యాడీ తెల్లబోయింది. “మీరా? ఇవాళా?”

“ఒడ్డు దారి నాకు తెలుసుగా. నువ్వు ఈ అమ్మాయిని తీసుకెళ్లు.”

మ్యాడీ ఆవిడ కళ్లలోకి ఒకసారి చూసింది. తర్వాత రేడియోలో ఒడ్డు మీది వాళ్లకి కబురు చెప్పింది.

“నేనూ వచ్చేస్తా షాలేం,” అంది పర్సిస్.

“వద్దు పర్సీ. నువ్వు వెళ్లు. ఆంటీ ఉన్నారుగా.”

“బాగా చూసి రామ్మా,” అంది ఆంటీ. బోర్డు వెనక్కి తిప్పేముందు ఒకసారి గోడ వైపు తలెత్తింది.

‘పాపం, అలిసిపోయింది. వెనక్కి వెళ్లడానికి సాకు దొరికింది,’ అనుకుంది పర్సిస్.

ఆ తర్వాత ఆమెకి ఇంకేమీ గుర్తురాలేదు. గోడ, నీళ్లు, తాను!

రెండు గంటల తర్వాత ఒడ్డుకి చేరేసరికి షాలేం దుప్పట్లు కప్పుకుని వేడి సూప్ తాగుతున్నాడు. పక్క బెంచీ మీద ఆంటీ. రోడ్డు మీద ఆవిడ కోసం వచ్చిన వ్యాన్.

“ఎలా ఉందమ్మా?”

“ఆంటీ! నోటితో చెప్పలేను! ఆ నీలం ఉంది చూశారూ, ఇంకు సీసా ఎండలో పెడితే ఎలా ఉంటుంది, అచ్చం అలా! పగుళ్లలోకి పోయేకొద్దీ ఇంకా ముదురు. మేం చూస్తుండగానే ఢామ్మని ఒక ముక్క విరిగి పడింది. నా బోర్డు ఉయ్యాలైపోయింది! అయినా పడలేదు నేను!”

“ఎడమపక్క పెద్ద నల్లరాయి ఉండాలే. మంచు దాన్ని ఆనుకునే ఉందా?”

“లేదాంటీ, చాలా వెనక్కి ఉంది. రాయి ఒక్కటే మిగిలింది.”

ఆంటీ నిట్టూర్చి కళ్లు మూసుకుంది.

“నిద్రొస్తోందా ఆంటీ?”

“లేదమ్మా. ఆ నీలం సంగతి ఇంకోసారి చెప్పు.”

పర్సిస్ చేతులు తిప్పుతూ మళ్లీ మొదటినుంచీ చెప్పింది. ఆంటీ మూసిన కళ్లతోనే నవ్వుతూ విన్నది.

వ్యాన్ హారన్ మోగింది. ఆంటీ లేచి, పర్సిస్ చెంప నిమిరి, డ్రైవర్ చెయ్యి పట్టుకుని ఎక్కింది. వ్యాన్ చెట్ల మలుపులో కనుమరుగైంది.

“పాపం, ఇంతదూరం వచ్చి చూడకుండానే వెళ్లిపోయింది,” అంది పర్సిస్ మ్యాడీతో, ఆ సంబరం ఇంకా తగ్గని గొంతుతో. “మళ్లీ ఏడాది రమ్మని చెప్పాల్సింది.”

మ్యాడీ వ్యాన్ వెళ్లిన రోడ్డు వైపు చూసింది.

“ఇరవై ఆరు వేసవులు ఈ గ్లేసియర్‌ని కొలిచిన సైంటిస్ట్ ఆవిడ,” అంది. “మళ్లీ ఏడాదికి కళ్లు పూర్తిగా పోతాయని డాక్టర్లు చెప్పారట, ఈ కాస్త చూపు ఉండగానే చివరిసారి దగ్గర్నుంచి చూసుకుందామని వచ్చింది.”