మైనా గొంతున్న గింజల పెట్టె

అబద్ధమనే దమ్మున్నవాళ్లు లేచి నిలబడండి! తొంభైవేల పిట్టలను పేరుపేరునా పలకరించి గింజలు పంచేది మైనా మాణిక్యమ్మ. ఆ పనికి మాట్లాడే పెట్టె వచ్చింది. ఒక్క పిట్టా దాని ఛాయలకు పోలేదు.

“నీ గొంతు దానికివ్వమ్మా, అందరూ వస్తారు,” అన్నాడు ఆ పెట్టె తెచ్చిన కొంగ పెద్ద. ఇచ్చింది. మర్నాటికి వరస అడవి దాటింది!

ఆ వరసలోనే పిచ్చుక వచ్చింది. ముందురోజు వానకు దాని గూడు పిల్లలతో సహా కొట్టుకుపోయింది.

“ఏమే పిచ్చుకమ్మా, పిల్లలు తిన్నారా?” అంది పెట్టె, అచ్చం మాణిక్యమ్మలాగే.

పిచ్చుక గింజలు ముట్టలేదు. కొమ్మమీది మాణిక్యమ్మను చూసి, “నిన్న నాతో కూర్చుని ఏడ్చింది నువ్వే కదా వదినా?” అని ఎగిరిపోయింది.

“ఇప్పుడడిగింది నేను కాదే!” అని అరిచింది మాణిక్యమ్మ. ఆ కేకా పెట్టెలోంచి వచ్చినట్టే ఉంది.

మళ్లీ ఆమె నోరు విప్పలేదు. నమ్మరా? పెట్టె వెనక కాపురముండే బల్లి బసవయ్యను అడగండి.