ఎదగని పురుగులు

"నా నాలుగేళ్ల పని నీకు నాలుగు నెలల్లో ఎలా దొరికింది?" ఈగల గది తలుపు మూసి మరీ అడిగింది నుంజియా.

ఇటలీలోని బారి నగరంలో ఉన్న ఆ ప్రయోగశాలలో అందరికంటే సీనియర్ ఆమె. పండ్ల ఈగల కణాల్లో ఊపిరి నడిపే ఎంజైము జన్యువు చెడితే ఏమవుతుందో తేల్చడమే ఆమె పని. ఈ పొద్దున ప్రొఫెసరు ఫొకాచ్చా రొట్టెలు తెప్పించి పంచింది మాత్రం, కొత్తగా చేరిన దలీలా ఆ సంగతి తేల్చినందుకు.

దలీలా ఒక సీసా అందించింది. "చూడండి. ఈగ గుడ్లలోంచి వచ్చిన పురుగుల్లో జన్యువు బాగున్నవి ఏపుగా పెరిగాయి. చెడినవి పుట్టినప్పుడు ఎంత ఉన్నాయో అంతే ఉండి, రెక్కలు రాకముందే చచ్చిపోతాయి. అందుకే రెక్కలొచ్చిన ఈగల్లో ఎంత వెతికినా అవి మీకు దొరకలేదు."

"నీ అదృష్టం బాగుంది. నాలాంటి వాళ్లం వెట్టిచాకిరీకే పుట్టాం."

దలీలా అరలోంచి ఒక పాత నోటుపుస్తకం తీసి తెరిచింది. అందులో ఉన్నది నుంజియా చేతిరాతే, మూడేళ్ల కిందటిది:

"కొన్ని పురుగులు ఎదగలేదు. మేత పాడైనట్టుంది. పారేశాను."

"ఒకే సీసాలో మేత కొన్నిటికే ఎలా పాడవుతుందా అనిపించింది," అంది దలీలా. "అక్కణ్ణుంచే మొదలుపెట్టాను. దీని మీద రాసే వ్యాసంలో మొదటి పేరు మీదేనని ప్రొఫెసరుగారికి చెప్పాను."

నుంజియా ఆ పేజీ రెండుసార్లు చదివింది. పొద్దుట్నుంచి రగిలిన కోపం ఇప్పుడు ఎవరిమీద చూపించాలో తెలియలేదు.

"నిన్ను చూస్తే నాకింకా కుళ్లుగానే ఉంది," అంది చివరికి. "అయినా ముందు నీ పేరే ఉండాలి. కాస్త జరుగు. ఆ చిన్నవాటిని ఈసారి సరిగ్గా చూస్తాను."