గుడారం చుట్టూ అడుగులు

కెన్యా సఫారీకి వెళ్లొచ్చినవాళ్లకు ఫోన్ చేసి, టూర్ ఎలా జరిగిందో రాసుకోవడం షబానా డ్యూటీ. ఆ రాత్రి మస్కట్ అల్ ఖువైర్‌లోని ట్రావెల్ ఆఫీసులో ఆమె ఒక్కతే ఉంది. చివరి ఫోన్ మస్కట్‌లోనే ఉండే రాజేశ్వరికి. ఆమె తిరిగొచ్చి పది రోజులైంది.

"అంతా బాగుందమ్మా. రాత్రిళ్లు మాత్రం మా గుడారం చుట్టూ ఏదో తిరిగేది. కదలకుండా కూర్చోండి, అదే పోతుంది అన్నాడు గైడు."

"పోయిందా మేడమ్?"

"లేదు. మాతోనే వచ్చింది. ఇప్పుడు ఇంటి చుట్టూ తిరుగుతోంది."

ఆమె గొంతులో భయం లేదు, అలసట ఉంది. ఫోన్‌లో బరువైన అడుగులు వినిపించాయి. షబానా రాయడం ఆపింది. అడుగులూ ఆగాయి.

"అది నీ గొంతు విన్నట్టుంది," అంది రాజేశ్వరి. కాసేపటికి మెల్లగా, "పోయిందమ్మా. ఇవాళ పడుకుంటాం," అని ఫోన్ పెట్టేసింది.

షబానా ఫోన్ కింద పెట్టింది. అవే అడుగులు కారిడార్‌లోంచి వచ్చి తలుపు బయట ఆగాయి. ఆమె కదల్లేదు.