లేని ఏరు

“ఈ ఒక్కసారికి రాసియ్యమ్మా.”

“పోయిన ఆదివారం కూడా ఒక్కసారే అన్నావు. అంతకు ముందు ఆదివారమూ అంతే. ఎన్ని ఒక్కసార్లు?”

కృపాకుమారి తల ఎత్తలేదు. చేటలో వేరుశనగ కాయలు వొలుస్తూనే ఉంది. చర్చి నుంచి వచ్చినప్పటి నుంచీ ఇదే వరుస. రూతు అడగడం, కృప కాదనడం. మధ్యలో అన్నాలు తినడం కూడా అయిపోయింది.

నలుగురూ వసారాలో విత్తనపు కాయల చుట్టూ కూర్చున్నారు. ముసలి అక్కమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

“అంతగా బతిమాలుకుంటాంటే రాసిచ్చేయరాదా? నీ చెయ్యేమన్నా అరిగిపోతాదా?”

“చెయ్యి అరిగేది కాదు అవ్వా. నేను రాసిస్తా పోతాంటే ఇంగ్లీషు ఎప్పటికి వచ్చేది?”

జయచంద్ర నవ్వాడు. “రాకపోతే ఏమప్పా? గైడు ఉండాది. ఇన్నేండ్లూ గైడుతోనే కదా అందరూ పాసయింది!”

రూతుకు ఆ మాట చురుక్కుమంది.

రేపు సోమవారం. ముదిగుబ్బ బడికి పైనుంచి ఎవరో ఆఫీసరు వస్తున్నాడట. తొమ్మిదో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని అంతా వింటాడట. గైడు గానీ నోటుబుక్కు గానీ చేతిలో ఉండకూడదు. ఊరి గురించి అందరి ముందూ నిలబడి ఇంగ్లీషులో మాట్లాడాలి. కృప రాసిస్తే సాయంత్రానికల్లా బట్టీ పట్టేయవచ్చు. ఇవ్వకపోతే పరువు పోతుంది.

రూతు ఇంగ్లీషు నోటుబుక్కు చూడముచ్చటగా ఉంటుంది. గుండ్రటి అక్షరాలు. ఒక్క కొట్టివేత ఉండదు. ఎందుకు ఉండదో ఇంట్లో అందరికీ తెలుసు.

కృప ఆ నోటుబుక్కు లాక్కుని తెరిచింది. ‘మా ఊరు’ వ్యాసం. గైడులో ఉన్నదే.

“మన ఊర్లో ఏరు యాడుండాది? సంవత్సరమంతా పారుతాదంట. గట్టు పొడుగునా కొబ్బరి చెట్లంట!”

అక్కమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “యాడప్పా ఆ ఏరు? నేనూ పోయి రెండు బిందెలు తెచ్చుకుంటా.”

అందరూ నవ్వారు. రూతు నవ్వలేదు. ఈ వ్యాసానికి నవ్వులు వినడం ఇది రెండోసారి.

శుక్రవారం బోర్డు మీద ఇదే ఉంది. క్లాసంతా తలలు వంచుకుని నోటుబుక్కుల్లోకి ఎక్కించుకుంటోంది. తమ ఊరి నాగన్న కూతురు లేచింది.

“మిస్, మనకు ఏరు లేదు కదా? వారానికొకసారి ట్యాంకరు వస్తాది. అది రాయొచ్చా?”

క్లాసు గొల్లుమంది.

“బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు రాసుకో. ప్రశ్నలొద్దు” అని జవాబొచ్చింది.

ఆ పిల్ల కూర్చుంది. లేని ఏరునే రాసుకుంది.

ట్యాంకరు సంగతి ఇంగ్లీషులో ఎలా రాయాలో రూతుకూ తెలియదు. తెలియనందుకు కాదు, ఆ ప్రశ్న తనకు ఏనాడూ తట్టనందుకు సిగ్గు. శనివారమంతా ఆ పిల్ల కళ్ళలోకి చూడలేకపోయింది.

“నేను రాసియ్యను. పక్కన కూచుంటా, నువ్వే చెప్పు” అంది కృప. “మన ఊర్లో ఏముండాది?”

“బోర్లు.”

“వాటిల్లో?”

“ఏముంటాది, గాలి.”

“ట్యాంకరు ఎప్పుడొస్తాది?”

“బేస్తవారం.”

“బోరు, ట్యాంకరు... ఇవి ఏ భాష మాటలు?”

రూతు చేతిలోని కాయను చేటలో వేసేసింది. రోజూ నోట్లో నానే మాటలు. ఇంగ్లీషువని తెలుసు. తన ఇంగ్లీషు అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

“నీకు తెలిసిన ముక్కల్తోనే చెప్పు. తప్పు పోతే పోనీ.”

రూతు గొంతు సర్దుకుంది.

“బోర్ డ్రై. నో రివర్. థర్స్‌డే ట్యాంకర్ కమ్.”

“ఓయమ్మో, సగం నాకే అర్థమాయనే!” అంది అక్కమ్మ.

రూతు కృప వైపు చూసింది. “తప్పుండాదా?”

“ఉండాది. యాడుండాదో నువ్వే ఎతుక్కో.”

రూతు ఆ ముక్కల్నే నాలుగైదు సార్లు నోట్లో తిప్పుకుంది. జయచంద్ర ఏదో అందించబోయాడు. కృప చేత్తో వారించింది.

“కమ్... కమ్స్. ట్యాంకర్ కమ్స్.”

కృప తల ఊపింది. పొగడలేదు.

రూతుకు ఒక్క క్షణం సంతోషమైంది. ఆ వెనకే సిగ్గు తన్నుకొచ్చింది. ఇంత చిన్నది కనుక్కోవడానికి ఇన్నాళ్ళా? ఎవరో రాసిన దాన్ని దించుకుంటూ, అదే చదువనుకుంటూ.

కృప మనసు కొంచెం కరిగింది. “సరే, మిగతాది రాసియ్యనా?”

“వద్దులే.”

రూతు ఒళ్ళో పడిన పొట్టు దులుపుకుని లేచింది. కూతురి ముఖం గానీ ఇంకెవరి ముఖం గానీ చూడకుండా, అందరికీ వినపడేలా, మెల్లగా చెప్పింది.

“పద్దెనిమిదేండ్లుగా నేను గైడు చూసే పాఠం చెప్పినానని రేపు ఆ ఆఫీసరు ముందరే నా క్లాసు పిల్లోళ్ళకు చెప్పి, సుద్దముక్క వాళ్ళ చేతికే ఇస్తాను.”