ఒకే కొలత

"నిన్న సాయంత్రం నాలుగింటికి పాప ఏం చేస్తోందమ్మా?" గుండె డాక్టరు రిపోర్టు మీంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"పడుకుంది సార్. కాగితంలో రాశాను కదా," అంది పాప తల్లి. ఆవిడ దర్జీ.

ఏ గంటకు పిల్ల ఏం చేసిందో రాయమని ఆస్పత్రివాళ్లు ఇచ్చిన కాగితం అది. నిన్న బడికి సెలవు, పిల్ల ఇంట్లోనే ఉంది. ఆవిడ పొద్దుటి నుంచీ ఒకే ముక్క రాసుకొచ్చింది. పడుకుంది, పడుకుంది, పడుకుంది.

"నిజం చెప్పండమ్మా. కాసేపు ఆడుకోనిచ్చారా? ఏమీ అనన్లెండి."

"ఒట్టు సార్! మంచం దిగనివ్వలేదు. ముందుగదిలో మిషను తొక్కుతున్నానన్న మాటేగానీ ప్రాణమంతా లోపలే ఉంది."

పక్కన ఆ పాప అమ్మ చెయ్యి పట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. మొన్న బడిలో వరసలో నిలబడి కుప్పకూలిపోయిందని, ఛాతీకి వైర్లు అంటించి, నడుముకు చిన్న పెట్టె కట్టి, ఒకరోజంతా ఉంచమని పంపారు. ఊడితే అంటించమని నర్సు నాలుగు బిళ్లలు ఎక్కువే ఇచ్చింది. "గుండె కొలత తీసే పెట్టె తల్లీ, కదలకు" అని దర్జీ తనకు తెలిసిన భాషలో కూతురికి నచ్చజెప్పింది.

డాక్టరు రిపోర్టు ఇటు తిప్పాడు. "మిగతా రోజంతా బాగానే కొట్టుకుంది. మూడున్నర నుంచి ఐదు దాకా చూడండి. లయ తప్పింది. నాలుగింటికైతే గుండె కొట్టుకోవడం కాదు, ఎనిమిది సెకన్లు వణికింది. ఆడుతుంటే ఇలా అయితే ఆటలు మాన్పించేవాళ్లం. పడుకున్న పిల్లకే ఇలా అయిందంటే..."

"అంటే?"

"మందులిస్తాను. మాట మాత్రం ఇవ్వలేను. ఇక పరుగులు, మెట్లు ఎక్కడాలు అసలు వద్దు. ఒక్క పరుగు చాలమ్మా."

దర్జీ తన చేతులకేసి చూసుకుంది. ఎన్ని చిరుగులు కలిపి కుట్టిన చేతులవి! ఒడిలో పనికిమాలినవాటిలా పడి ఉన్నాయి.

"ఇంకా పిల్లలున్నారా?"

"కవలలు సార్. ఇది ఆరు నిమిషాలు పెద్దది. చిన్నది గుండ్రాయిలా ఉంటుంది."

ఆ గుండ్రాయినే ఇందాక "రయ్యిన పోయి నీళ్లసీసా తే" అంటూ నాలుగంతస్తుల కిందికి తరిమింది. ఒక్కదాన్నయినా దేవుడు మిగిల్చాడనుకుంది. అలా అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసి, డాక్టరు ముందే బావురుమంది.

మెట్లమీద టపటపా అడుగుల చప్పుడు వినిపించింది. చిన్నది పరుగెత్తుకొస్తోంది. రెండో అంతస్తు దాటింది. మూడోదాని దగ్గర చప్పుడు ఆగిపోయింది. ఏ కిటికీలోంచో రోడ్డు చూస్తూ నిలబడిపోయి ఉంటుందిలే అనుకుంటూ దర్జీ కళ్లు తుడుచుకుంది.

అమ్మ ఏడుపు చూడలేక పెద్దది ఆవిడ చెవి దగ్గరికి వంగింది.

"ఏడవకమ్మా, అది నా గుండె కాదు. దురదపుడుతోందని మధ్యాహ్నం ఆ పెట్టె చెల్లికి తగిలించాను, అది పెరట్లో తాడాట ఆడుకుని ఐదింటికి తిరిగిచ్చింది. నువ్వు కూడా మా ఇద్దరి గౌన్లకీ ఒక్కదాని కొలతే తీస్తావుగా!"