గంగులు చెప్పిన జోస్యం

చలికాలం వచ్చిందంటే ఆ అడవిలో బంతి పోటీలు మొదలయ్యేవి. బంతిగా వాడే వెలగకాయను అవతలి గీత దాటించిన జట్టు గెలిచినట్టు, ఓడిన జట్టు ఇంటికి పోవాల్సిందే. గంగులు అనే గోరింకకు కుందేళ్ళ జట్టంటే ప్రాణం. అయినా ప్రతి ఆటా కొమ్మ మీంచి కళ్ళప్పగించి చూసేవాడు కనుక, ఎవరు గెలుస్తారో అతను చెబితే తప్పేది కాదు.

ఈసారి కుందేళ్ళకు అడవిపందులతో పోటీ పడింది. అందరూ గంగులు చుట్టూ మూగారు. కుందేళ్ళ నాయకుడు కుంటుతూ నడవడం గంగులు పొద్దున్నే చూశాడు.

"పందులే గెలుస్తాయి" అన్నాడు, కుందేళ్ళ వైపు చూడకుండా.

"నువ్వు మావాడివనుకున్నాం మామా!" అన్నాడు కుందేళ్ళ నాయకుడు, మొహం చిన్నబుచ్చుకుని.

పందులే గెలిచాయి. "భలే చెప్పావు, మా విందుకు రావయ్యా" అని పిలిచాయి. గంగులు వెళ్ళలేదు. కుందేళ్ళ బొరియ ముందు వాలి, దిగులుగా కూర్చున్నాడు.

"నువ్వన్నట్టే జరిగిందిగా, ఇంకా ఇక్కడేం పని?" అన్నాడు నాయకుడు.

"ఎవరు గెలుస్తారని అడిగారు, చెప్పాను. ఎవరు గెలవాలని ఉందో ఒక్కరూ అడగలేదురా" అన్నాడు గంగులు.

నాయకుడు కుంటికాలు ఈడ్చుకుంటూ పక్కకు జరిగి, అతనికి చోటిచ్చాడు.